అంటించిన వెయిట్లు ఊడకుండా ఉండాలంటే: పావగడ దారుల మీద ఒక సమీక్ష

కర్ణాటకలోని పావగడ తాలూకాలో తిరిగే కారుకు చక్రాల బ్యాలెన్స్ తప్పిన సంగతి తాలూకా దాటేదాకా బయటపడదు. పట్టణంలో గానీ, వై.ఎన్.హొసకోటె, నాగలమడికె, తిరుమణి దారుల్లో గానీ బండి నలభై, యాభై మీదే పోతుంది. ఆ వేగంలో స్టీరింగ్ నిమ్మళంగానే ఉంటుంది. సిరా దగ్గర 48వ నంబరు జాతీయ రహదారో, పెనుకొండ దగ్గర 44వ నంబరు రహదారో ఎక్కి ఎనభై దాటించారంటే చాలు, స్టీరింగ్ చేతుల్లో కొట్టుకోవడం మొదలవుతుంది. టైర్ల అంగట్లో చక్రం విప్పి చూస్తే అల్లాయ్ రిమ్ము లోపలి గోడ మీద నలుపలకల మచ్చ ఒకటి కనిపిస్తుంది. బ్యాలెన్స్ కోసం అక్కడ అంటించిన వెయిటు ఉండదు.

ఎందుకు ఊడిందని అడిగితే మూడు జవాబులు వస్తాయి. స్పీడుకు ఎగిరిపోయిందని ఒకరంటారు. గమ్ము మంచిది కాదని ఇంకొకరు. రోడ్లు అలా ఉంటే ఏది నిలుస్తుందని మరొకరు. మూడింటిలోనూ కొంత నిజముంది గానీ, అసలు కారణం వేరే చోట ఉంది. వెయిటు నిలవడమా, ఊడడమా అన్నది దాన్ని అంటించే ముందు రిమ్మును తుడిచిన తీరులో, అంటించాక ఇచ్చిన గడువులో చాలావరకు తేలిపోతుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

ఈ విషయాన్ని పావగడ నుంచే చూడడానికి కారణముంది. మూడు వైపులా ఆంధ్ర, ఒక వైపే కర్ణాటక ఉన్న తాలూకా ఇది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. పెళ్లికైనా, ఆస్పత్రికైనా, మార్కెట్టుకైనా హిందూపురమో, మడకశిరో, తుమకూరో, బెంగళూరో పోవాలి. ఇక్కడి శనిమహాత్ముడి గుడికి రెండు రాష్ట్రాల నుంచీ కార్లు వస్తాయి. తిరుమణి, బళసముద్రం, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు ఊళ్ల పొలాల్లో సుమారు 13 వేల ఎకరాల మీద 2,050 మెగావాట్ల సోలార్ పార్కు 2019 చివరికి పూర్తయ్యాక అక్కడి మట్టి దారుల్లో కూడా కార్ల రాకపోకలు పెరిగాయి. ఒకే బండి పొద్దున దుమ్ములో, సాయంత్రం హైవే మీద పోవడం ఇక్కడ మామూలు సంగతి. అంటించిన వెయిటుకు అంతకన్నా కఠినమైన పరీక్ష లేదు.

చిన్న ముక్క, పెద్ద బలం

ఇనుప రిమ్ములకు అంచు మీద కొక్కెంలా కొట్టి బిగించే వెయిట్లు వాడతారు. అల్లాయ్ రిమ్ముల్లో చాలావాటికి అలాంటి అంచు ఉండదు. ఉన్నా కొక్కెం గీకి పెయింటు పోతుంది. అందుకే వెనక టేపు ఉన్న ముక్కలను లోపలి గోడకు అంటిస్తారు. ఐదేసి, పదేసి గ్రాముల ముక్కలు వరసగా ఉన్న పట్టీ నుంచి కావలసినంత తుంచుకుంటారు.

ఇరవై గ్రాములకే అంత రాద్ధాంతమా అనిపించవచ్చు. లెక్క చూడండి. టైరు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు, వెయిటు ఉన్న చోటు ఇరుసు నుంచి 17 సెంటీమీటర్లు అనుకుందాం. బండి 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు చక్రం సెకనుకు దాదాపు 12 సార్లు తిరుగుతుంది. ఆ తిరుగుడులో వెయిటు మీద దాని సొంత బరువుకు సుమారు 95 రెట్ల బలం పనిచేస్తుంది. అంటే 20 గ్రాముల తేడా దాదాపు రెండు కిలోల గుద్దుగా మారి, సెకనుకు 12 సార్లు దిక్కు మారుస్తూ చక్రాన్ని ఊపుతుంది. వేగం 100కు చేరితే అది మూడు కిలోలవుతుంది. 40 మీద అర కిలోకు మించదు. వేగం రెండింతలైతే బలం నాలుగింతలవుతుంది కాబట్టే, తాలూకా రోడ్ల మీద నిద్రపోయిన లోపం హైవే మీద లేచి కూర్చుంటుంది.

ముందు చక్రాల తేడా స్టీరింగులో తెలుస్తుంది. వెనక చక్రాలది సీటు కింద, నేల మీద తెలుస్తుంది. దాన్ని ఓర్చుకుంటూ నెలల తరబడి తిప్పితే టైరు గుంటలు గుంటలుగా అరుగుతుంది. బేరింగుల మీద, స్టీరింగు కీళ్ల మీద భారం పడుతుంది. ఇరవై గ్రాముల ముక్కను పట్టించుకోకపోతే చివరికి టైరు జత మార్చాల్సి వస్తుంది.

వేగం మీద వేసే నింద

వెయిటు స్పీడుకు ఎగిరిపోయిందనే మాట వినడానికి సబబుగా ఉంటుంది. కానీ అది అంటుకున్న చోటు చూడండి. రిమ్ము గోడకు లోపలి వైపున, ఇరుసుకు ఎదురుగా ఉంటుంది. చక్రం తిరిగినప్పుడు ప్రతి వస్తువూ ఇరుసు నుంచి బయటికి పోవాలని చూస్తుంది. లోపల అంటించిన వెయిటుకు బయటి వైపున ఉన్నది రిమ్ము గోడే. కనుక వేగం పెరిగేకొద్దీ అది గోడకు ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది. సమతలంగా ఉన్న చోట సరిగ్గా అంటించిన వెయిటుకు వేగం తోడే గానీ శత్రువు కాదు.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. మొదటిది, రిమ్ము గోడ అంతటా ఒకే వ్యాసంలో ఉండదు. ఏటవాలు ఉన్న చోట అంటిస్తే, నొక్కే బలంలో కొంత భాగం వెయిటును వాలు వెంబడి పక్కకు జరుపుతుంది. టేపు నొక్కుడును బాగా తట్టుకుంటుంది గానీ, ఎడతెగని పక్క లాగుడును అంతగా తట్టుకోలేదు. రెండోది, నెమ్మదిగా పోయే గుంతల దారి. 20 కిలోమీటర్ల వేగంలో వెయిటును గోడకు నొక్కే బలం దాని బరువుకు ఆరు రెట్లే. చక్రం గుంతలో పడినప్పటి కుదుపు అంతకన్నా పెద్దదే కావచ్చు. అప్పటికే అంచు లేచి ఉన్న వెయిటుకు హైవే కన్నా పొలం గట్టు దారిలోనే ముప్పు ఎక్కువ. రోడ్ల మీద వేసే నిందలో నిజం ఇంతవరకే. మంచి అంటుకు గుంత ఏమీ చేయలేదు. అప్పటికే చెడిన అంటును మాత్రం అది తేల్చేస్తుంది.

ఊడిన చోటు చెప్పే సాక్ష్యం

వెయిటు ఎందుకు ఊడిందో ఊహించనక్కర లేదు. ఊడిన చోటు చెబుతుంది. ముక్క కూడా దొరికితే సాక్ష్యం పూర్తవుతుంది. సగం లేచి వేలాడుతున్న ముక్కలు అంగళ్లలో తరచుగా దొరుకుతాయి. వాటిని పారేయకుండా వెనక్కి తిప్పి వెలుతురులో చూడాలి.

టేపు మొత్తం వెయిటుకే ఉండి, దాని ముఖం మీద నల్లటి బూడిద లాంటి పొడి ఉంటే, అది బ్రేకు ప్యాడ్ల పొడి. టేపు రిమ్మును అంటనే లేదు, దాని మీద ఉన్న పొడిని అంటింది. నేరం తుడవడంలో ఉంది. టేపు ముఖం మీద పెయింటు పొర గానీ తెల్లటి పొడి గానీ అతుక్కుని వస్తే జిగురు తన పని చేసింది, కింద రిమ్ము పూతే లేచిపోయింది. పాత వెయిటును స్క్రూడ్రైవరుతో పెకలించినప్పుడు పడిన గీతల్లోకి నీరు దిగి అల్యూమినియం పొంగితే ఇలా అవుతుంది. టేపు రిమ్ముకే ఉండిపోయి ఇనుప ముక్క ఒక్కటే రాలితే, ఆ ముక్క వెనక తుప్పు పట్టింది. చవక ఇనుప వెయిట్ల మీది జింకు పూత పలచగా ఉంటే జరిగేది ఇదే. టేపు మధ్యలో పొరలుగా చీలి సగం అటు, సగం ఇటు ఉంటే రెండు వైపులా అంటు గట్టిదే. టేపే పాతబడి, ఎండి, బలం పోగొట్టుకుంది. ఇక వెయిటు పైముఖం మీద మెరిసే గీత ఉంటే అది బ్రేకు క్యాలిపర్ రాచుకున్న గుర్తు. అక్కడ ఎంత మంచి జిగురైనా నిలవదు, చోటు మార్చడమొక్కటే దారి.

ఐదు రకాల గుర్తులకు ఐదు రకాల మందులు. గమ్ము మంచిది కాదనే ఒక్క మాటలో వీటన్నిటినీ కలిపేస్తే, కొత్త వెయిటు కూడా పాతదాని వెంటే పోతుంది.

జిగురు కోరే నాలుగు

వెయిట్ల వెనక ఉండేది నొక్కితే అంటుకునే జాతి జిగురు. అది ఎండి గట్టిపడదు. మెత్తగా ఉండి, ఒత్తిడికి మెల్లగా పారి, ఉపరితలంలోని సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లను నింపుతుంది. నూనె పెట్టిన నుదుటి మీద బొట్టుబిళ్ల నిలవదని ప్రతి ఇంట్లోనూ తెలుసు. జిగురు జాతి ఒకటే కాబట్టి నియమం కూడా ఒకటే. దానికి కావలసినవి నాలుగు: శుభ్రత, ఒంపు, ఒత్తిడి, గడువు.

శుభ్రత అంటే గుడ్డతో ఒకసారి తుడవడం కాదు. ముందు పాత జిగురు మొత్తం పోవాలి. దాని మీద కొత్త టేపు వేస్తే పాతదాని బలమే కొత్తదానికీ వస్తుంది. ప్లాస్టిక్ గీకుడు పలకతో గానీ, డ్రిల్లుకు తగిలించే రబ్బరు చక్రంతో గానీ తీయాలి. తర్వాత సబ్బు నీళ్లతో మట్టి, పొడి వదిలించి ఆరబెట్టాలి. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు చెరి సగం కలిపి, శుభ్రమైన గుడ్డతో ఒకే దిక్కుగా తుడిచి, ఆ తడి ఆరకముందే పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా ఈ పని చేయాలి. ఇక్కడే చాలా అంగళ్లు దారి తప్పుతాయి. కిరోసిన్, డీజిల్ మురికిని కోస్తాయి గానీ వెనక నూనె పొర వదిలిపోతాయి. పెట్రోలు కూడా పూర్తిగా శుభ్రంగా ఆరదు, పైగా నిప్పు భయం. థిన్నరు కొన్ని రిమ్ముల పూతను తినేస్తుంది. చేతులకు రాసుకునే శానిటైజరులో తరచుగా గ్లిజరిన్ ఉంటుంది, అదీ పనికిరాదు. టైరుకు నలుపు మెరుపు కోసం కొట్టే సిలికాన్ పాలిష్ గాలిలో తేలి రిమ్ము మీద పడుతుంది. వెయిటు అంటించే రోజు ఆ పాలిష్ జోలికి పోకపోవడమే మేలు.

ఒంపు సంగతి చాలామంది గమనించరు. పట్టీ తిన్నగా వస్తుంది, రిమ్ము గోడ గుండ్రంగా ఉంటుంది. తిన్నటి పట్టీని అలాగే నొక్కితే అప్పటికి అంటుకుంటుంది గానీ, రెండు కొసలూ మళ్లీ తిన్నగా అవ్వాలని రోజంతా లాగుతూనే ఉంటాయి. సీసపు పట్టీ మెత్తనిది కాబట్టి ఆ ఒంపుకు లొంగుతుంది. ఇనుము అంతగా లొంగదు. టేపు మీది కాగితం తీయకముందే పట్టీని రిమ్ము ఒంపుకు తగ్గట్టు చేత్తో వంచుకోవాలి. కాగితం తీశాక జిగురును వేలితో తాకకూడదు. చేతి నూనె, గ్రీజు అంటిన చోట అంటు పోయినట్టే. ఒకసారి ఊడదీసిన వెయిటును మళ్లీ అంటించకూడదు.

ఒత్తిడికీ లెక్క ఉంది. ఇలాంటి టేపులకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు నొక్కుడు కావాలి. పట్టీ మొత్తం మీద అరచేయి ఒకసారి ఆనిస్తే అది రాదు. ముక్క ముక్కనూ బొటనవేలితో, మధ్య నుంచి కొసలకు, కాసేపు పట్టి నొక్కాలి.

గడువును దాదాపు ఎవరూ ఇవ్వరు. త్రీఎం కంపెనీ తన వీహెచ్‌బీ రకం ఆక్రిలిక్ ఫోమ్ టేపుల గురించి చెప్పే లెక్క ప్రకారం మామూలు గది వేడిలో 20 నిమిషాలకు అంటు బలం సగానికి వస్తుంది, ఒక రోజుకు 90 శాతానికి, మూడు రోజులకు నూటికి నూరు శాతానికి. వెయిట్ల టేపులన్నీ ఆ కంపెనీవే కావు గానీ స్వభావం అదే. బ్యాలెన్సింగ్ చేయించిన సాయంత్రమే వాటర్ సర్వీసుకు ఇచ్చిన బండి, సగం అంటుకున్న వెయిట్లను నీటి గన్ను ముందు పెట్టినట్టే.

మన నేల, మన ఎండ

పావగడలో చలి ఈ జిగురుకు అడ్డం కాదు. చల్లటి దేశాల్లో రిమ్మును వేడి చేసి మరీ అంటించాల్సి వస్తుంది. ఇక్కడ ఆ బాధ లేదు. మన తగవు దుమ్ముతో, ఎండతో, నీళ్లతో.

వానల్లో పొలం దారి ఎర్రమట్టి రిమ్ము లోపలికి చేరి, ఎండి, గడ్డకడుతుంది. ఆ గడ్డ ఒక్కటే స్టీరింగును వణికించగలదు. అది ఎక్కడైనా సగం రాలిందా, వణుకు మరీ ఎక్కువవుతుంది. వెయిటు పోయిందని తేల్చే ముందు రిమ్ము లోపలి మట్టి కడిగి చూడాలి. మట్టి ఉండగానే బ్యాలెన్సింగ్ మిషను ఎక్కిస్తే మట్టికి సరిపడా వెయిట్లు పడతాయి. ఆ మట్టి రాలిన రోజు వెయిట్లే దోషమవుతాయి. మట్టిని వదిలించడానికి గన్నును అంగుళం దూరం నుంచి వెయిటు అంచు మీదికి కొట్టకూడదు. నీళ్లు అంచు కింద దూరితే ఎంత పాత అంటైనా లేస్తుంది. మొదట నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, గన్నును దూరం నుంచి తిప్పడం మంచిది.

ఎండకాలంలో నలభై డిగ్రీల గాలిలో నిలిచిన రిమ్ముకు బ్రేకుల వేడి తోడవుతుంది. రబ్బరు మూలంగా చేసిన చవక జిగుళ్లు ఆ వేడికి మెత్తబడి జారతాయి. ఆక్రిలిక్ రకాలు బాగా తట్టుకుంటాయి. వెయిట్లు కొనే అంగడివారు పట్టీ ధర ఒక్కటే చూడకుండా వెనక టేపు ఏదో చూడాల్సింది ఇందుకే. ఎండలో నిలబడి చెయ్యి పెట్టలేనంత కాలిన రిమ్ము మీద అంటించడం కూడా తప్పే. తుడిచే ద్రవం మురికిని ఎత్తకముందే ఆరిపోతుంది. చక్రాన్ని నీడలో చల్లారనివ్వాలి.

అంగట్లో వినిపించే మందులు

ఒకసారి ఊడాక మనుషులు రకరకాల మందులు వెతుకుతారు. ఒక్కొక్కదాన్నీ తూచి చూద్దాం.

ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగుళ్లు పట్టుకున్న క్షణంలో రాయిలా ఉంటాయి. కానీ అవి పెళుసు. ఆగని కుదుపుకు, వేడికి పగులుతాయి. ఫోమ్ టేపు మెత్తగా ఉండి కుదుపును మింగుతుంది. ఆ మెత్తదనాన్ని తీసేసి గట్టిదాన్ని పెట్టడం తిరోగమనమే. ఎం-సీల్, అరాల్డైట్ వంటి ఎపాక్సీలు నిజంగా నిలుస్తాయి. అయితే వెయిట్లు శాశ్వతం కావు. టైరు మార్చినప్పుడల్లా తీయాలి. ఎపాక్సీని పెకలిస్తే పూత కూడా పోయి, మరుసటి వెయిటుకు చోటు పాడవుతుంది.

వెయిటు చుట్టూ సిలికాన్ పూయడం కొంత మేలు చేస్తుంది, అంచుల్లోకి నీరు పోనివ్వదు. కానీ పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, లోహానికి మంచిది కాదు. వాసన లేని రకమే వాడాలి. వెయిటు మీద అల్యూమినియం టేపు వేయడం రేసు కార్లవాళ్లు పాటించే పద్ధతి. అంచులను కప్పుతుంది, తీయడం సులువు, పూతకు హాని లేదు. ఊడుతున్న చోట అదనపు రక్షణగా ఇదే అన్నిటికన్నా మెరుగు. టేపుకూ బరువుంటుంది కాబట్టి అది వేశాక చక్రాన్ని మరోసారి మిషను మీద తిప్పి చూడాలి. శుభ్రం చేయని రిమ్ము మీద మాత్రం ఈ టేపు కూడా వెయిటుతో పాటే వస్తుంది.

టైరు లోపల గుళికలు పోసే పద్ధతి లారీల్లో కొంత వాడుకలో ఉంది. కారుకు దాన్ని సిఫారసు చేయలేం. లోపల తేమ చేరితే గుళికలు ముద్దకడతాయి, వాల్వులో ఇరుక్కుంటాయి. ఇనుప రిమ్ములున్న బండికి కొక్కెం వెయిట్లే సరైనవి. అల్లాయ్‌కు అంటించేవే గతి. కాబట్టి వాటిని బాగా అంటించడం నేర్చుకోవడమే మిగిలింది.

తక్కువ బరువు, తక్కువ బెడద

ఒక చక్రానికి ఎనభై, వంద గ్రాములు పడుతున్నాయంటే జిగురు కన్నా ముందు ఆ బరువునే ప్రశ్నించాలి. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటు. దాన్ని గాలి వాల్వు దగ్గరే ఉండేలా పెట్టి ఎక్కిస్తే వాల్వు బరువు ఆ లోటును కొంత పూడుస్తుంది. చుక్క లేకపోతే టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడవచ్చు. మిషనులో రిమ్ము వ్యాసం, వెడల్పు, దూరం తప్పుగా కొట్టినా అనవసరంగా బరువు పడుతుంది. గుంతలో పడి వంగిన రిమ్మును ఎన్ని వెయిట్లు పెట్టినా సరిచేయలేం.

ఒక పట్టీ మీద ఇంకో పట్టీ అంటించడం ఎప్పుడూ చేయకూడదు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, ఇనుముది 7.9. అదే బరువుకు ఇనుప ముక్క నలభై శాతానికి పైగా ఎక్కువ చోటు తింటుంది. క్యాలిపరుకు కొన్ని మిల్లీమీటర్లే ఖాళీ ఉండే చిన్న రిమ్ముల్లో రెండో అంతస్తు రాచుకోక మానదు. చోటు చాలకపోతే పక్కపక్కనే రెండు వరసలుగా పెట్టాలి.

రోడ్డు మీద పడిన సీసం

ఊడిన వెయిటు కారుకే కాదు, దారికీ సమస్యే. సీసం మెత్తనిది. వాహనాల కింద నలిగి పొడి అవుతుంది. అమెరికాలోని ఆల్బుకర్కీ నగర వీధుల్లో రాలిన వెయిట్లను లెక్కించి రాబర్ట్ రూట్ 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని బయటపెట్టింది. యూరప్‌లో 2005 జూలై నుంచి కొత్త కార్లకు సీసపు వెయిట్లు నిషేధం. కాలిఫోర్నియా 2010 జనవరి నుంచి నిషేధించింది. పిల్లల మెదడుకు సీసం చేసే చేటు వైద్యం ఏనాడో తేల్చింది. అంగడివారు ఇనుప, జింకు వెయిట్లకు మారడం అవసరం. పాత సీసపు ముక్కలను చెత్తలో కలపకుండా డబ్బాలో వేసి, పాత లోహం కొనేవారికి ఇవ్వాలి. ఇంటి దగ్గర వాటిని కరిగించడం, పిల్లల చేతికివ్వడం ఎంతమాత్రం వద్దు.

ఎవరు ఏం చేయాలి

అంగడివారి పని స్పష్టం. మిషను పక్కన ఐసోప్రొపైల్ సీసా, శుభ్రమైన గుడ్డలు, ప్లాస్టిక్ గీకుడు పలక ఉండాలి. ఒక్కో చక్రానికి రెండు, మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ నిమిషాలకు విలువ కట్టి అడిగే హక్కు వారికుంది. ఐటీఐలలో వీల్ బ్యాలెన్సింగ్ నేర్పేటప్పుడు మిషను నడపడంతో సమానంగా రిమ్ము తుడవడమూ నేర్పాలి. మిషను తెర మీద సున్నా రావడంతో పని అయిపోయిందనుకునే అలవాటు అక్కడే మారాలి.

బండివారి పనీ తక్కువేం కాదు. తొందర పెట్టకూడదు. అంటించాక మార్కరు పెన్నుతో వెయిటు నుంచి రిమ్ము మీదికి ఒక గీత గీయించుకుని ఫోనులో ఫోటో తీసుకుంటే, గీత జరిగిందో లేదో తర్వాత ఎప్పుడైనా స్పోకుల మధ్య నుంచే చూసుకోవచ్చు. మూడు రోజులు వాటర్ సర్వీసు మానాలి. వీలైతే మొదటి రోజు హైవే ప్రయాణం కన్నా ఊళ్లో తిరుగుడు మంచిది. ఐదు నుంచి పది వేల కిలోమీటర్లకు ఒకసారి, టైర్లు మార్చినప్పుడల్లా, బ్యాలెన్స్ చూపించుకోవాలి.

వీటిలో ఖరీదైనది ఒక్కటీ లేదు. కొత్త టేపు కనిపెట్టేదాకా, రోడ్లన్నీ నున్నగా వేసేదాకా ఆగనక్కర లేదు. పావగడలో అయినా, హిందూపురంలో అయినా, ఒక్క అంగడి ఈ పద్ధతి పట్టి ఊడిన వెయిట్ల కేసులు తగ్గించి చూపిస్తే పక్క అంగడి తప్పక నేర్చుకుంటుంది. వాహనదారులు అడగాల్సింది కూడా అదే. ఎన్ని గ్రాములు వేశారన్నది తర్వాత, రిమ్ము దేనితో తుడిచారన్నది ముందు అడగండి.